భోజనానికి ఆగే గుర్రం, పగ్గాలు వదలని డిలిస్

డిలిస్ ప్రోసర్ ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపింది. వేల్స్‌లో, స్వాన్సీ అనే సముద్రపు ఊళ్ళో, వానలో కొండ ఎక్కుతూ, వానలోనే దిగుతూ. అన్నేళ్ళలో బస్సును ఒక్కసారి కూడా గుంటలో దించలేదు. గుంటలో పడడమంటే ఏమిటో తెలుసుకోవడానికి ఆమె రిటైరై, ఫ్రాన్సు చేరి, స్టీరింగు మొగుడి చేతికివ్వవలసి వచ్చింది.

ఆ మొగుడి పేరు గ్విలిం. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసిన ఉద్యోగం ఆయనది. అందుకేనేమో, తలుపు కనబడితే తట్టకుండా ఉండలేడు. పెర్ష్ ప్రాంతంలోని మొర్వీల్‌లో యాపిల్ తోటతో ఒక రాతి ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డాక, ఎండలు మొదలైతే చాలు, భార్యను కారులో కూర్చోబెట్టుకుని షికార్లకు బయలుదేరేవాడు. ఈ కోట, ఆ మఠం, ఫలానా జున్ను తయారుచేసే పల్లె. పొద్దున లేచి, తీరిగ్గా టీ తాగి, దారి తప్పి, మళ్ళీ దారిన పడి, ఎక్కడికైనా సరే మధ్యాహ్నం పన్నెండుకు చేరేవాడు. పన్నెండుకు ఆ దేశంలో సమస్తం మూసేస్తారు. కోట మూసేస్తారు, మఠం మూసేస్తారు, జున్ను కొట్టు షట్టరు సరిగ్గా గ్విలిం ముక్కు ముందే దిగేది.

"ఈ దేశంలో నేను చూసినన్ని తలుపులు ఇంకెవడూ చూసుండడు. తలుపుల మీద ఓ పుస్తకం రాయొచ్చు" అనేవాడు.

"లోపలేముందో రాయనక్కర్లేదు కాబట్టి తొందరగా అయిపోతుంది" అనేది డిలిస్.

జూన్‌లో ఒక మఠానికి వెళుతూ, ఒళ్ళో పటం పరుచుకున్న గ్విలిం, కారును పొలం పక్క కాలవలోకి శుభ్రంగా దించాడు. ముందు చక్రాలు బురదలో, వెనక చక్రాలు గాలిలో. ఏం చేయాలో తోచక ఇద్దరూ గట్టు మీద నిలబడి ఉండగా, కంచె దాటుకుని బూడిదరంగు గుర్రాన్ని ముందు నడిపించుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు.

ఆయన ఎవారిస్త్. ఎనభై దాటినా ఆ చుట్టుపక్కల గుర్రంతో పొలం దున్నేవాడు ఆయనొక్కడే. గుర్రం పేరు దూషెస్, అంటే జమీందారిణి అని. పేరుకు తగ్గ ఒళ్ళు. దూషెస్ తుమ్మితే చర్చి గంట మోగేదని మొర్వీల్ వాళ్ళు చెబుతారు. అది ఒట్టి కోత. కిటికీలు గలగలలాడేవి, అంతే.

"పడుకుందా మదాం, మీ కారు?" అన్నాడు ఎవారిస్త్.

"అది పడుకోలేదండీ, మా ఆయన పడుకోబెట్టాడు."

ముసలాయన నవ్వలేదు. కారుకు గొలుసు తగిలించి, దూషెస్‌తో ఏదో గొణిగాడు. గుర్రం మెడ వంచింది. కారు బురదలోంచి చప్పరిస్తూ కదిలింది, సగం గట్టెక్కింది. అప్పుడు ఊళ్ళోంచి చర్చి గంట వినబడింది. పన్నెండు. దూషెస్ అక్కడికక్కడ ఆగిపోయింది. కారు మూతి నేలకు, తోక ఆకాశానికి, అలాగే వేలాడింది.

ఎవారిస్త్ గుర్రం మూతికి దాణా సంచి తగిలించాడు. తర్వాత గట్టు మీద కూర్చుని, జేబులోంచి మడతకత్తి తీసి తెరిచి, రొట్టె కోయడం మొదలుపెట్టాడు.

"మరి కారు?" అన్నాడు గ్విలిం.

"కారుకి ఆకలేస్తుందా?"

"లేదనుకోండి..."

"అయితే కూర్చోండి. మాకేస్తుంది."

రొట్టె, పందిమాంసం ముద్ద, మేక జున్ను, సీసాలో యాపిల్ సారా. ముగ్గురూ తిన్నారు. వేలాడుతున్న కారును చూసి దారిన పోయేవాడెవడూ ఆశ్చర్యపోలేదు. ఆ వేళప్పుడు దారిన పోయేవాడెవడూ లేడు. డిలిస్ ఇంకో జున్ను ముక్క అందుకోబోతుండగా, ఎవారిస్త్ కత్తిని ప్యాంటుకు తుడిచి, టక్కున మూశాడు. ఆ పల్లెల్లో ఇంటిపెద్ద కత్తి మూశాడంటే భోజనం ముగిసిందని అర్థం. నోట్లో ముద్ద ఉన్నా లేవాల్సిందే. డిలిస్‌కు ఆ సంగతి తెలియదు. దూషెస్‌కు తెలుసు. ఎవరూ ఒక్క మాట అనకుండానే, టక్కుమన్న ఆ చప్పుడుకే గుర్రం భుజాలు ముందుకు వాల్చింది. డిలిస్ జున్ను మింగేలోపు కారు రోడ్డు మీద ఉంది.

ఆమె మనసు పడింది దాని మీద కాదు, ఆ తర్వాత జరిగినదాని మీద. ముసలాయన పొడవు పగ్గాలు పట్టుకుని గుర్రం వెనక నడుస్తూ ఇంటిదారి పట్టాడు. మలుపు దగ్గర, ఎందుకో, ఎవరూ అడగకుండానే, లారీ అంత ఉన్న ఆ గుర్రం కాలు మీద కాలు దాటించుకుంటూ పక్కవాటుగా, పట్టు చీర జారినట్టు వెళ్ళింది. డిలిస్ పరుగెత్తి ఆయన్ని అందుకుంది.

"అదేమిటది, ఇప్పుడు చేసింది?"

"అదా? కుర్రతనంలో ప్రభుత్వ గుర్రాలశాలలో పనిచేశాను. రాజులనాటి నడకలు. పొడవు పగ్గాలతో, వెనక నడుస్తూ ఆడించడం. ఇప్పుడెవడిక్కావాలి?"

"నాక్కావాలి. నేర్పండి."

"మీకెన్నేళ్ళు మదాం?"

"మీకంటే తక్కువే."

ఆయన వద్దన్నాడు. మర్నాడు ఆమె వచ్చి గుర్రపుసాల ఊడ్చింది. ఆయన మళ్ళీ వద్దన్నాడు. ఆమె మళ్ళీ ఊడ్చింది. బస్సు స్టాపులో వానకు నిలబడ్డ జనాన్ని ముప్పై ఏళ్ళు చూసిన మనిషి. నిలబడడం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. చివరకు సాల మరీ శుభ్రంగా తయారై, దూషెస్‌కు తన ఇల్లు తనకే కొత్తగా కనబడుతోందని గొణుగుతూ ఎవారిస్త్ పగ్గాలు ఆమె చేతికిచ్చాడు.

"ఇది స్టీరింగు కాదు మదాం. తిప్పకండి. అడగండి."

"అడిగితే వినకపోతే?"

"మళ్ళీ అడగండి. ఇంట్లో మీ ఆయన్నెలా అడుగుతారు?"

"ఆయన్నడగను. చెప్తాను."

"అందుకే కారు గుంటలో పడింది."

మొదట్లో పగ్గాలు ఆమె కాళ్ళకే చుట్టుకునేవి. ఎడమకు అడిగితే గుర్రం ఆగేది, ఆగమంటే ఎడమకు తిరిగి డిలిస్ మొహంలోకి జాలిగా చూసేది. చేతులు బొబ్బలెక్కాయి. ముసలాయన గట్టు మీద కూర్చుని, "పగ్గాలు కాదు, బట్టలారేసే తాళ్ళు పట్టుకున్నట్టుంది" అనేవాడు. డిలిస్ పళ్ళు బిగబట్టి మళ్ళీ మొదటినుంచి అందుకునేది.

పొద్దున పూట మాత్రమే గుర్రం దొరికేది. మిగతా వేళల్లో అభ్యాసానికి ఇంకో జంతువు కావాలి. డిలిస్ గ్విలిం వైపు చూసింది.

"వద్దు" అన్నాడు గ్విలిం.

"నీ ప్రతి షికారుకీ నోరెత్తకుండా వస్తాను. తలుపులన్నీ చూస్తాను. దానికి బదులు, వెళ్ళిన చోటల్లా కాసేపు నువ్వు గుర్రం."

ఆ వేసవంతా అలాగే గడిచింది. నది ఒడ్డున చేపల పులుసు తినడానికి వెళితే, తిన్నాక గ్విలిం బెల్టుకు రెండు వైపులా పగ్గాలు. మఠం మూసి ఉంటే, మఠం గోడ వెంట గ్విలిం కాలు మీద కాలు వేస్తూ పక్కవాటుగా నడక. మొదట్లో సణిగేవాడు. తర్వాత్తర్వాత అందులో ఒక అభిమానం పుట్టింది. "ఎడమ పగ్గం గట్టిగా లాగుతున్నావు. దూషెస్ ఊరుకుంటుందేమో, నేనూరుకోను" అనేవాడు.

ఊరు ఊరుకుంటుందా? రొట్టెల దుకాణం ఒదీల్ నోట పడ్డ మాట సాయంత్రానికి పక్క జిల్లాలో ఉంటుంది. జులై మొదటివారంలో, ఇంగ్లీషావిడ మొగుడికి పగ్గాలు కట్టి తోలుతోందని చెప్పింది. అది నిజమే. వారం తిరక్కుండా, మొగుణ్ణి బండికి కట్టి కట్టెలు తెప్పిస్తోందని అయింది. నెలాఖరుకు ఆయనకు నాడాలు కొట్టించిందనీ, కమ్మరి తన కళ్ళతో చూశాడనీ, గ్విలిం కిక్కురుమనలేదనీ దాకా వచ్చింది.

"మదాం, ఇవాళ గుర్రం రాలేదా?" అని దుకాణంలో అడిగింది ఒదీల్.

"బయట కట్టేసొచ్చాను. రెండు రొట్టెలివ్వు. ఇంకో సంగతి, నేను ఇంగ్లీషామెను కాదు, వేల్స్ మనిషిని."

"రెండూ ఒకటే కదా?"

"నువ్వు పారిస్ మనిషివా?"

"ఛీ ఛీ!" అంది ఒదీల్. అప్పటినుంచి ఆ దుకాణంలో డిలిస్ వేల్స్ మనిషే.

ఆ షికార్లలో ఒకచోట పాత సామాన్ల సంత తగిలింది. గ్విలిం కొమ్ము పిడి ఉన్న మడతకత్తి ఒకటి కొన్నాడు.

"ఇంట్లో కత్తులు లేవా?" అంది డిలిస్.

"మూసినప్పుడు ఆ చప్పుడు విను. ముసలాయన కత్తి చప్పుడే." టక్, టక్ అనిపిస్తూ ఇంటిదాకా ఆమె బుర్ర తిన్నాడు.

ఆగస్టు మొదట్లో ఎవారిస్త్ మోకాళ్ళు మొరాయించాయి. గుర్రం వెనక నడక ఇక కుదరదని వైద్యుడు తేల్చేశాడు. ఆయన మేనల్లుడు తియెరీ పట్నంలో ట్రాక్టర్లు అమ్మేవాడు. వచ్చి, ఊరి పండగ మర్నాడు లారీ వస్తుందని, గుర్రాల బేరగాడితో మాట్లాడేశానని చెప్పాడు. ఆ బేరగాడి లారీ ఎక్కిన ముసలి గుర్రం ఎటు పోతుందో మొర్వీల్‌లో అందరికీ తెలుసు, కసాయి దగ్గరికని ఎవరూ పైకి అనరు.

"నాకివ్వండి" అంది డిలిస్. "మా తోటలో గడ్డుంది."

"గడ్డి పెట్టేవాళ్ళు బోలెడుమంది" అన్నాడు ఎవారిస్త్. "పనిలేకుండా గడ్డి తింటే ఇది ఏడాది తిరక్కుండా పోతుంది. దీనికి పని చెప్పగల చెయ్యి కావాలి."

"నా చెయ్యి చూశారుగా."

"నేనొక్కణ్ణే చూశాను. ఊరు చూడాలి. లేకపోతే నేను కళ్ళు కనబడక ఇచ్చానంటాడు వీడు."

అక్కడే షరతు తేలింది. ఆగస్టు పదిహేను, మేరీమాత పండగకు నది పక్క మైదానంలో గుర్రాల ప్రదర్శన ఉంటుంది. డిలిస్ దూషెస్‌ను బరిలోకి తీసుకెళ్ళి, నడకలన్నీ చేయించి, వందనం చేసి రావాలి. కొరడా లేదు, అరుపు లేదు. బరిలో అడుగుపెట్టింది మొదలు వందనం దాకా పగ్గాలు చేతిలోంచి జారకూడదు. చేసిందా, గుర్రం ఆమెది. చేయలేదా, లారీ.

"ఒప్పుకున్నా" అన్నాడు తియెరీ, నవ్వు దాచుకోకుండా.

దూషెస్‌తో చిక్కు ఒకటే, పన్నెండు గంటల వేళ. అది పుట్టి బుద్ధెరిగింది మొదలు మధ్యాహ్నం గంట మోగాక, భోజనం ముగిసేదాకా అడుగు వేసి ఎరగదు. అందుకని డిలిస్ పండగ కమిటీని పట్టుకుని, పొద్దున్నే తన వంతు వేయించుకుంది. కాని పండగన్నాక మేయరు ఉంటాడు, మేయరుకు నోరుంటుంది. ఆయన యుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకున్నాడు, వాననూ పంటనూ తలుచుకున్నాడు, కొత్త మురుగుకాలవను మాత్రం అందరికంటే ఎక్కువసేపు తలుచుకున్నాడు. తర్వాత బాండు మేళం. తర్వాత పోనీల మీద పిల్లలు, అందులో ఒక పోనీ బాండు వాళ్ళ మీదికి పోయి, దాన్ని పట్టుకునే గొడవ. డిలిస్ పేరు పిలిచేసరికి నడినెత్తిన ఎండ.

"భోజనాలయ్యాక పెట్టండి" అంది కమిటీతో.

"భోజనాలయ్యాక ట్రాక్టర్ల పోటీ మదాం" అన్నాడు తియెరీ. ఆ పోటీకి ట్రాక్టర్లు ఇచ్చింది ఆయనే. "ఇప్పుడైతే సరే, లేకపోతే లేదు."

డిలిస్ ఎవారిస్త్ వైపు చూసింది. ఆయన కుర్చీలో చేతులు కట్టుకుని, టోపీ కళ్ళమీదికి లాక్కుని కూర్చున్నాడు. సాయం చేయనని మాటిచ్చినవాడు. ఆమె పగ్గాలు సర్దుకుంది. లోపలికి నడిచింది.

మొదటి చుట్టు మామూలు నడక. రెండో చుట్టులో పక్కవాటు అడుగులు. ఆ మహాకాయం కాలు మీద కాలు దాటిస్తూ బరిని ఏటవాలుగా కోసింది. పగ్గాలు బిగుసుకోలేదు, జారలేదు. ఎనిమిది అంకె ఆకారంలో తిరిగింది. ఇక మిగిలింది ఉన్నచోటే అడుగులు తొక్కడం, తర్వాత వందనం. డిలిస్ వేళ్ళతో అడిగింది. దూషెస్ మెడ విల్లులా వంచింది, ముందుకాలు ఎత్తింది.

గంట మోగింది.

ఎత్తిన కాలు దిగింది. అంతే. బరి నడిమధ్య దూషెస్ రాతిబొమ్మైంది. జనం ముందు బిత్తరపోయారు, తర్వాత గొల్లుమన్నారు. నవ్వింది దూషెస్‌ను చూసి కాదు, తమను చూసుకునే. ఎందుకంటే అప్పటికే సగంమంది లేచి భోజనాల పందిరి వైపు అడుగులేస్తున్నారు.

"అయిపోయింది!" అని కేకేశాడు తియెరీ. "ఆగిపోయింది. ఓడిపోయారు మదాం."

"ఆగింది" అంది డిలిస్. "బస్సు స్టాపులో ఆగితే ట్రిప్పు అయిపోయినట్టా? నేను వందనం చేశానా? పగ్గాలు వదిలానా?"

తియెరీ మామ వైపు తిరిగాడు. ఎవారిస్త్ టోపీ పైకెత్తాడు.

"వదల్లేదు" అన్నాడు. "షరతులో గడియారం లేదు." అని, కర్ర పట్టుకుని నెమ్మదిగా లేచి భోజనానికి వెళ్ళిపోయాడు. కళ సంగతి వేరు, కూర చల్లారే సంగతి వేరు.

మైదానం ఖాళీ అయింది. మిగిలింది డిలిస్, దూషెస్, కంచె పట్టుకుని గ్విలిం. గ్విలింకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. జేబులోంచి కొమ్ముపిడి కత్తి తీసి తెరిచి, టక్కున మూశాడు. దూషెస్ ఒక చెవి ఇటు తిప్పింది, మళ్ళీ అటు తిప్పేసుకుంది.

"పని చెయ్యట్లేదే!"

"తినకుండా మూస్తే అదెందుకు నమ్ముతుంది? నువ్వు నమ్ముతావా?" అంది డిలిస్. "భోజనం తీసుకురా. నిజం భోజనం. ముందు దానికి. గొడుగు కూడా తే."

గ్విలిం వెళ్ళాడు. దాణా సంచితో, రొట్టెతో, బీచ్‌లో పాతేటంత గొడుగుతో వచ్చాడు. గొడుగు భార్య నెత్తిన పట్టబోయాడు.

"నాకు కాదు, దానికి!"

డిలిస్ అతని మడతకత్తి తీసుకుని, పగ్గాలు రెండూ ఎడమచేతిలో బిగించి, కుడిచేత్తో తింది. పగ్గాలు చేతిలో ఉండాలన్నారు గాని రెండు చేతుల్లోనూ అనలేదు కదా. ఎడమ భుజం రాయైంది. మెడ మీద ఎండ కాల్చింది. కాళ్ళు కూర్చోమని బతిమాలాయి. ఆమె కూర్చోలేదు, గుర్రం నిలబడి ఉంది మరి. "ఎందుకే ఇంత మొండితనం?" అన్నాడు గ్విలిం, గొడుగు కింద చెమటలు కక్కుతూ. "రేపు ఆ లారీ వస్తుంది గనక" అంది. గ్విలిం గొడుగు ఇంకాస్త పైకెత్తాడు.

పందిరి కింద ఒదీల్ ఉండబట్టలేకపోయింది. "ఆవిడ అక్కడ నిలబడి తింటోంది, మనం ఇక్కడ కూర్చుని తింటే గొంతు దిగుతుందా?" అని పళ్ళెం ఎత్తుకుని కంచె దగ్గరికొచ్చింది. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక బల్లలతో సహా బాండువాళ్ళు. కాసేపటికి ఊరంతా బరి చుట్టూ కూర్చుని తింటోంది. గ్విలిం చేతులమీదుగా డిలిస్‌కు చల్లటి పుచ్చకాయ వచ్చింది, కాల్చిన సాసేజి వచ్చింది, నాలుగు రకాల జున్ను వచ్చింది.

"త్వరగా కానివ్వవే, అరగంటలో ట్రాక్టర్లు దిగుతాయి" అన్నాడు గ్విలిం.

"జున్ను దగ్గర తొందరపడితే దానికి తెలిసిపోతుంది."

దూషెస్ దాణా అయిపోయింది. గ్విలిం సంచి విప్పి, గొడుగు తీసుకుని పక్కకు తప్పుకున్నాడు. డిలిస్ చివరి రొట్టెముక్కతో జున్ను తుడిచి నోట్లో వేసుకుంది. నమిలింది. మింగింది. మడతకత్తిని ప్యాంటుకు అటొకసారి ఇటొకసారి తుడిచింది. అప్పటికి ఊరు ఊరంతా నోరు మూసుకుంది; అంతమంది ఫ్రెంచివాళ్ళు భోజనం దగ్గర మాట్లాడకుండా ఉండడం పెర్ష్ చరిత్రలో అదే మొదలని ఒదీల్ నేటికీ ప్రమాణం చేస్తుంది.

టక్.

దూషెస్ తలెత్తింది. డిలిస్ కత్తి జేబులో పడేసి, కుడి పగ్గం కుడిచేతికి తీసుకుని, వేళ్ళతో అడిగింది. గుర్రం ఉన్నచోటే అడుగులు వేసింది, ఒకటొకటిగా, ఎత్తి నిలిపి, దించి, నేల అదిరేలా. పగ్గాలు చేతిలో సడలలేదు. ఆపమని అడిగింది, ఆగింది. అప్పుడు డిలిస్ ఊరికి తలవంచి వందనం చేసింది. బాండువాళ్ళు ఆనందం పట్టలేక ఏదో వాయించబోయారు గాని, నోళ్ళ నిండా కేకు ఉండడంతో శబ్దాలు వింతగా వచ్చాయి.

తియెరీ ట్రాక్టరెక్కి ఇంజను స్టార్టు చేశాడు. ఎవారిస్త్ కర్ర పొడుచుకుంటూ బరిలోకి వచ్చి, దూషెస్ మెడ నిమిరి, డిలిస్ వేళ్ళు విప్పి చూశాడు. తోలు అచ్చులు పడి ఉన్నాయి.

"రేపు మంచు ఆరకముందే రా" అన్నాడు. "కుడివైపు అడుగు ఇంకా బద్ధకంగా ఉంది."

"దూషెస్‌దా?"

"నీది."

మేనల్లుడు ఉడుకుమోత్తనంతో బేరగాడికి కబురు చెప్పనే లేదు. మర్నాడు లారీ వచ్చింది. దారి తప్పి, మళ్ళీ దారిన పడి, గుర్రం ఎక్కడుందో ఊళ్ళో అడిగి తెలుసుకుని, సరిగ్గా మధ్యాహ్నం గంట మోగుతుండగా ప్రోసర్ల తోట గేటు ముందు ఆగింది. గేటు మూసి ఉంది. లోపల గుర్రం మూతికి దాణా సంచి, చెట్టుకింద ముగ్గురు మనుషులు, రొట్టె, తెరిచిన కత్తి.

"గుర్రం కోసం వచ్చాను" అన్నాడు లారీవాడు.

"భోజనం వేళ" అంది డిలిస్, తలెత్తకుండానే.

లారీవాడూ ఆ దేశంవాడే. పొరపాటు అతనికి వెంటనే అర్థమైంది. టోపీ తీసి, క్షమించమని, లారీ వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. అంతవరకూ ఎన్నో తలుపులు మొహాన వేయించుకున్న గ్విలిం, గేటు లోపలివైపు కూర్చుని, ఇంకో జున్ను ముక్క కోసుకున్నాడు.